లింకేజ్ అంటే కలిసి ఉండటమేనా?

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఫలానా జబ్బుకీ ఫలానా జన్యువుకీ లింకు దొరికిందని పేపర్లో తరచూ వస్తూనే ఉంటుంది. చదివినవాళ్ళు ఆ జన్యువు వల్లే జబ్బు వస్తుందని అనుకుంటారు. కాస్త కంగారు మనుషులైతే, అది ఒంట్లో ఉంటే జబ్బు ఖాయమని టెన్షన్ పెట్టుకుంటారు. జన్యుశాస్త్రంలో లింకేజ్ అన్న మాట ఈ రెండిట్లో ఏదీ చెప్పదు. అది చెప్పేది చాలా తక్కువ. ఫలానా రెండు జన్యువులు ఒకే క్రోమోజోమ్ (కణంలో జన్యువులను మోసే పోగు) మీద, ఒకదానికొకటి దగ్గర్లో ఉన్నాయి, అంతే. అది చోటు గురించిన మాట. కారణం సంగతి అందులో లేదు. పాఠ్యపుస్తకాల్లో దీన్ని సహలగ్నత అని రాస్తారు, నాకు మాత్రం లింకేజ్ అనే నోటికి అలవాటు.

నా వాదన ముందే చెప్పేస్తాను. రెండు విషయాలు కలిసి ఉంటాయని ఎవరైనా అంటే, అవి ఎప్పుడు విడిపోతాయని నేను మొదట అడుగుతాను. జన్యుశాస్త్రజ్ఞులు లింకేజ్‌ని కొలిచింది విడిపోయిన కేసులను లెక్కపెట్టే. మిగతా శాస్త్రాల్లో లింకేజ్ అన్నది వినిపించినా ఈ ప్రశ్నే బాగా పనికొస్తుందని నా నమ్మకం. ఎంతవరకు నిజమో మీరే చూద్దురుగాని.

మెండెల్‌తో మొదలుపెట్టక తప్పదు, ఆ భాగం త్వరగా కానిచ్చేద్దాం. 1865లో బ్రనోలో ఆయన చదివిన వ్యాసంలో బఠాణీ మొక్క లక్షణాలు ఏడు. గింజ గుండ్రంగా ఉంటుందా, ముడతలు పడుతుందా అన్నది ఒకటి. పసుపా, ఆకుపచ్చా అన్నది ఇంకొకటి. వీటిలో దేని దారి దానిదే. రెండింటినీ ఒకేసారి గమనిస్తే రెండో తరంలో నాలుగు రకాల కలయికలు 9:3:3:1 నిష్పత్తిలో వస్తాయి. బఠాణీకి క్రోమోజోమ్‌లు కూడా ఏడు జతలే కాబట్టి, ఒక్కో లక్షణం ఒక్కో క్రోమోజోమ్ మీద పడటం మెండెల్ అదృష్టమని ఒక కథ చాలాకాలంగా చెలామణిలో ఉంది. అది నిజం కాదు. వాటిలో కొన్ని ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయి. అయినా విడివిడిగా ఎలా వచ్చాయో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఈ లెక్క మొదటిసారి గట్టిగా తప్పింది 1905 ప్రాంతంలో, కేంబ్రిడ్జ్‌లో. విలియం బేట్సన్, ఎడిత్ సాండర్స్, రెజినాల్డ్ పన్నెట్ స్వీట్ పీ మొక్కల మీద పనిచేస్తున్నారు. ఊదారంగు పువ్వు, పొడుగు పుప్పొడి ఉన్న మొక్కని ఎర్ర పువ్వు, గుండ్రటి పుప్పొడి ఉన్న మొక్కతో కలిపారు. మొదటి తరం అంతా ఊదా, పొడుగు. అది మామూలే. రెండో తరంలో లెక్కపెట్టిన మొక్కలు 6952. మెండెల్ లెక్క ప్రకారం ఊదా–పొడుగు సుమారు 3911, ఊదా–గుండ్రం 1303, ఎరుపు–పొడుగు 1303, ఎరుపు–గుండ్రం 435 రావాలి. వచ్చినవి వరసగా 4831, 390, 393, 1338.

ఈ అంకెలను కాస్త తీరిగ్గా చూడండి. తాతల్లో ఉన్న కలయికలే, అంటే ఊదా–పొడుగు, ఎరుపు–గుండ్రం, రెండూ పెరిగాయి. ఎరుపు–గుండ్రం అయితే మూడింతలు. కొత్త కలయికలు రెండూ మూడో వంతు కంటే కిందికి పడిపోయాయి. పడిపోయాయే గానీ సున్నా కాలేదు. ఆ 390, 393 దగ్గరే అసలు చిక్కు. రెండు జన్యువులూ పూర్తిగా అతుక్కుని ఉంటే అవి పుట్టకూడదు. అసలు సంబంధమే లేకపోతే 1303 చొప్పున పుట్టాలి. రెండిటికీ మధ్యలో ఎక్కడో ఆగాయి. వాటిలో 390కీ 393కీ తేడా దాదాపు లేనేలేదు, అదీ గమనించండి.

బేట్సన్ బృందం దీనికి కప్లింగ్ అని పేరు పెట్టింది. అవే రెండు జన్యువులను అడ్డంగా తీసుకుంటే, అంటే ఊదా–గుండ్రం మొక్కని ఎరుపు–పొడుగు మొక్కతో కలిపితే, ఈసారి ఊదా లక్షణం పొడుగుని దూరం పెట్టినట్టు కనిపించింది. దానికి రిపల్షన్ అన్నారు. ఒక ప్రయోగంలో ఆకర్షించుకున్నవే ఇంకో ప్రయోగంలో వికర్షించుకున్నాయన్నమాట. ఇది విన్నాక ఎవరికైనా అనుమానం రావాలి. ఆకర్షణ వాటి స్వభావంలో ఉంటే అలా మారదు. మారింది ఒక్కటే, ఏది ఏ మొక్క నుంచి ఏ దానితో కలిసి వచ్చింది అన్నది. లింకేజ్ జన్యువుల చోట్ల మధ్య ఉంటుంది, ఆ జన్యువుల ఫలానా రూపాల మధ్య కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, హంటింగ్టన్ జబ్బు దగ్గర మళ్ళీ కావాలి.

జవాబు దొరికింది న్యూయార్క్‌లో, కొలంబియా యూనివర్సిటీలో, థామస్ హంట్ మోర్గన్ ఈగల గదిలో. 1910లో తెల్లకళ్ళ డ్రోసోఫిలా (పళ్ళ మీద వాలే చిన్న ఈగ) దొరకడం, ఆ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్‌తో ముడిపడి ఉండటం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తర్వాతి లెక్కల్లో ఒకటి చెబుతాను. ఊదా కళ్ళ జన్యువు, కురచ రెక్కల జన్యువు. రెండింటిలోనూ ఒక మామూలు రూపం, ఒక మారిన రూపం ఉన్న ఆడ ఈగని, రెండింటిలోనూ మారిన రూపాలే ఉన్న మగ ఈగతో కలిపారు. పుట్టినవి 2839. అందులో తల్లికి దాని తల్లిదండ్రుల నుంచి వచ్చిన పాత కలయికలే ఉన్నవి 1339, 1195. కొత్త కలయికలు 151, 154. అంటే మొత్తం 305, నూటికి 10.7. సంబంధం లేకపోతే నూటికి 50 ఉండాలి.

మోర్గన్ 1911లో చెప్పిన వివరణ చాలా సింపుల్. జన్యువులు క్రోమోజోమ్ మీద వరసగా ఉన్నాయి. అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు, క్షయకరణ విభజనలో, తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన దాని జతా పక్కపక్కన చేరతాయి. అక్కడక్కడ తెగి, ముక్కలు మార్చుకుని, మళ్ళీ అతుక్కుంటాయి. ఇలా అడ్డంగా అల్లుకున్న చోట్లను బెల్జియం శాస్త్రజ్ఞుడు యాన్సెన్స్ 1909లోనే వివరించాడు. మోర్గన్ దాన్ని తన అంకెలకు జోడించాడు. ఒక కాగితాన్ని ఎక్కడో ఒకచోట అడ్డంగా చింపామనుకోండి. పక్కపక్క లైన్లలో ఉన్న రెండు మాటలు దాదాపు ఎప్పుడూ ఒకే ముక్కలో ఉంటాయి. పై లైన్లోదీ అడుగు లైన్లోదీ ఎక్కడ చింపినా వేరైపోతాయి. ఆకర్షణ, వికర్షణ ఏమీ అక్కర్లేదు.

బేట్సన్ మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. జన్యువులు క్రోమోజోమ్‌ల మీద ఉన్నాయన్నదే ఆయనకి మింగుడుపడలేదు. 1921 చివర్లో మోర్గన్ ల్యాబ్‌కి వెళ్ళి స్వయంగా చూశాక బహిరంగంగానే మెత్తబడ్డాడు. పదహారేళ్ళు అంకెలు చేతిలో పెట్టుకుని కూడా అంతకాలం పట్టిందంటే మొండితనం అనొచ్చు. కానీ అందరికంటే ముందు ఆ అంకెలను దాచకుండా అచ్చువేసింది కూడా ఆయన బృందమే.

ఇక్కడి నుంచి నాకు బాగా ఇష్టమైన భాగం. మోర్గన్ దగ్గర ఆల్ఫ్రెడ్ స్టర్టెవంట్ అని ఒక డిగ్రీ కుర్రాడు ఉండేవాడు. 1911లో ఒకరోజు మోర్గన్‌తో మాట్లాడుతుండగా అతనికి ఒక ఆలోచన తట్టింది. దూరాన్ని బట్టి తెగడం ఉంటే, తెగిన లెక్కల నుంచి దూరాన్ని వెనక్కి కట్టొచ్చు కదా అని. డేటా ఇంటికి పట్టుకెళ్ళి, హోంవర్క్ పక్కన పడేసి, రాత్రి చాలాసేపు కూర్చుని మొదటి క్రోమోజోమ్ మ్యాప్ గీశాడు. 1913లో అచ్చయింది.

అందులో మూడు జన్యువులు తీసుకుందాం. తెల్లకళ్ళు, సిందూరపు కళ్ళు, చిన్నరెక్కలు. తెల్లకళ్ళకీ సిందూరానికీ మధ్య కొత్త కలయికలు నూటికి 29.7. సిందూరానికీ చిన్నరెక్కలకీ మధ్య 3.0. ఇప్పుడు ప్రశ్న, వరసలో ఎవరు మధ్యలో ఉన్నారు? సిందూరం మధ్యలో ఉంటే తెల్లకళ్ళ నుంచి చిన్నరెక్కలకి 29.7, 3.0 కలిసి 32.7 రావాలి. చిన్నరెక్కలు మధ్యలో ఉంటే 29.7లోంచి 3.0 పోగా 26.7 రావాలి. ఈగలను లెక్కపెడితే వచ్చింది 33.7. కాబట్టి సిందూరమే మధ్యలో. ఎవరూ జన్యువుని చూడలేదు. జన్యువు డీఎన్ఏతో తయారైందని అప్పటికి తెలియదు. ఈగల కళ్ళూ రెక్కలూ చూసి, లోపల ఉన్న వరస చెప్పేశాడు.

ఇంకో జన్యువు, మొండిరెక్కలు, ఇంకా దూరంగా ఉంది. సిందూరం నుంచి దానికి 26.9. అంటే తెల్లకళ్ళ నుంచి 29.7, 26.9 కలిపి 56.6 రావాలి. తిన్నగా లెక్కపెడితే వచ్చింది 45.2 మాత్రమే. పదకొండు ఏమైనట్టు? స్టర్టెవంట్ తనే చెప్పాడు. దూరం ఎక్కువైతే మధ్యలో రెండుసార్లు తెగే అవకాశం ఉంది. రెండుసార్లు తెగి రెండుసార్లు మారితే, చివర్లలో ఉన్న రెండు జన్యువులూ మళ్ళీ పాత జోడీగానే కనిపిస్తాయి. తెగడం జరిగింది, మన లెక్కలోకి రాలేదు. అందుకే ఎంత దూరం వెళ్ళినా కొత్త కలయికలు నూటికి 50 దాటవు. యాభై దగ్గర ఆగిపోతే అవి ఒకే క్రోమోజోమ్ మీదున్నాయా, వేర్వేరు వాటి మీదున్నాయా అన్నది ఆ అంకె ఒక్కటీ చూసి చెప్పలేం. మెండెల్ బఠాణీల్లో ఒకే క్రోమోజోమ్ మీదున్న లక్షణాలు విడివిడిగా ఎందుకు ప్రవర్తించాయో ఇప్పుడు తెలిసింది కదా. వాటిలో చాలావరకు అంత దూరంలో ఉన్నాయి.

ఈ దూరానికి కొలమానం సెంటీమోర్గన్. వందలో ఒకసారి విడిపోయేంత దూరం. కానీ స్కేలు పెట్టి కొలిచిన దూరంలాంటిది అనుకోవద్దు. మగ డ్రోసోఫిలాలో క్రాసింగ్ ఓవర్, అంటే ఇందాక చెప్పిన ముక్కల మార్పిడి, జరగనే జరగదు. అవే జన్యువులు, అదే క్రోమోజోమ్, కానీ మగ ఈగ ద్వారా వెళ్తే ఒక్కటీ విడిపోదు. పట్టుపురుగులో దీనికి రివర్సు, ఆడదానిలో జరగదు. మనుషుల్లో ఇద్దరిలోనూ జరుగుతుంది గానీ ఆడవాళ్ళలో మొత్తం మ్యాపు మగవాళ్ళ దానికంటే సుమారు 1.6 రెట్లు పొడుగు. డీఎన్ఏ పొడవులో తేడా లేదు, తెగే తీరులో ఉంది. మనిషిలో సగటున ఒక సెంటీమోర్గన్ అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు అని చెబుతారు. సగటు కాబట్టి సరిపోయింది. నిజానికి కొన్ని చోట్ల పదేపదే తెగుతుంది, మరికొన్ని పొడుగాటి ముక్కలు తరాల తరబడి అలాగే ఉంటాయి.

సరే, మనుషుల సంగతికి వద్దాం. మనుషుల్ని ఈగల్లా కలపలేం, రెండువేల మంది పిల్లలూ ఉండరు. 1937లో జూలియా బెల్, హాల్డేన్ ఇద్దరూ హిమోఫీలియాకీ రంగుల అంధత్వానికీ లింకేజ్ చూపించారు. రెండూ ఎక్స్ క్రోమోజోమ్ మీదివే కాబట్టి కాస్త సులువైంది. మిగతా వాటికి చిన్న చిన్న కుటుంబాలనే కలిపి లెక్క వేసే పద్ధతి కావాలి. 1955లో న్యూటన్ మోర్టన్ లాడ్ స్కోరు పద్ధతిని స్థిరపరిచాడు.

బోర్డు మీద వేస్తాను చూడండి. ఒక తండ్రికి జబ్బు ఉంది. మార్కర్ అంటే మనిషి మనిషికీ రూపం మారే, పరీక్షలో పట్టుకోగలిగే డీఎన్ఏ గుర్తు. ఆ తండ్రికి జబ్బు జన్యువుతోపాటు వచ్చిన మార్కర్ రూపం ఏదో మనకి ముందే తెలుసు. పదిమంది పిల్లలు. పదిమందిలోనూ జబ్బూ ఆ మార్కరూ ఎక్కడా విడిపోలేదు. సంబంధమే లేకపోతే ఒక్కో బిడ్డలో అలా జరిగే అవకాశం సగం. పదిమందికీ వరసగా జరగాలంటే 1024లో ఒకటి. కాబట్టి లింకేజ్ ఉందన్న వాదన 1024 రెట్లు బలంగా ఉంది. దీని లాగరిథమ్ 3.01, లాడ్ స్కోరు అంటే అదే. మూడు దాటితే లింకేజ్ ఉన్నట్టు లెక్క. ఇప్పుడు పదిమందిలో ఒక్క బిడ్డలో విడిపోయిందనుకోండి. అప్పుడు నూటికి 10 విడిపోతాయనుకుని లెక్క వేస్తే, ఆ 1024 కాస్తా సుమారు 40కి పడిపోతుంది. స్కోరు 1.6. ఒక్క బిడ్డ! సరిగా చేయని రక్తపరీక్ష ఒకటి, ఇంట్లో ఎవరూ పైకి చెప్పని తండ్రి ఒకడు, చాలు మొత్తం లెక్క తారుమారు కావడానికి. ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఆ ఒక్క శాంపిల్‌ని మళ్ళీ మళ్ళీ పరీక్షించేది అందుకే.

మూడే ఎందుకు, వెయ్యికి ఒకటి మరీ కఠినం కాదా అని ముందు వరసలో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. మనిషికి లింగ క్రోమోజోములు కాక 22 జతలున్నాయి. గుడ్డిగా రెండు చోట్లు ఎంచుకుంటే అవి కొలవగలిగేంత దగ్గర్లో ఉండే అవకాశం యాభైలో ఒకటో ఏమో. మొదటే అంత తక్కువ ఉన్నప్పుడు, వెయ్యి రెట్ల సాక్ష్యం వస్తే మిగిలేది ఇరవైకి ఒకటి. అంటే మనం మామూలుగా ఒప్పుకునే ఐదు శాతం తప్పు. బయటికి కఠినంగా కనిపించేది లోపల మామూలే.

ఇక హంటింగ్టన్ జబ్బు. మెదడు కణాలు క్రమంగా పాడైపోయే జబ్బు, సాధారణంగా నడివయసులో బయటపడుతుంది, తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకి వచ్చే అవకాశం సగం. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డున ఈ జబ్బున్న చాలా పెద్ద కుటుంబాలున్నాయి. నాన్సీ వెక్స్లర్ బృందం అక్కడ వంశవృక్షాలు, రక్తం శాంపిళ్ళు సేకరించింది. 1983లో జేమ్స్ గుసెల్లా బృందం నాలుగో క్రోమోజోమ్ మీది ఒక మార్కర్ ఈ జబ్బుతో కలిసి వెళ్తోందని చూపించింది. వెనిజులా కుటుంబంలో జబ్బుతో నడిచింది ఆ మార్కర్ తాలూకు ఒక రూపం. అదే పరిశోధనలో ఉన్న ఒక అమెరికన్ కుటుంబంలో నడిచింది ఇంకో రూపం. స్వీట్ పీ దగ్గర గుర్తుపెట్టుకోమన్నది ఇదే. మార్కర్ రూపానికీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదు. ఏ ఇంట్లో ఏది పక్కన ఉంటే అది వెళ్తుంది.

దీని పర్యవసానం చాలా కఠినంగా ఉండేది. ఆ మార్కర్‌తో ఎనభైల్లో పరీక్షలు మొదలయ్యాయి. కానీ ఒక మనిషి రక్తం ఒక్కటే చాలేది కాదు. ఆ ఇంట్లో ఏ రూపం జబ్బుతో వెళ్తోందో తెలియాలంటే జబ్బున్న పెద్దవాళ్ళ రక్తం కావాలి. వాళ్ళు చనిపోయి ఉంటే జవాబు లేదు. జవాబు వచ్చినా అది సంభావ్యతే, ఎందుకంటే మార్కరూ జన్యువూ నూటికి కొన్నిసార్లు విడిపోతాయి. అసలు జన్యువు దొరకడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 1993లో దొరికింది. సీఏజీ అనే మూడు అక్షరాలు అందులో వరసగా తిరిగి తిరిగి వస్తాయి, ఆ మూడక్షరాలు 40 సార్లు లేదా అంతకు మించి వస్తే జబ్బు వస్తుంది. అప్పటి నుంచి ఒక్క మనిషి రక్తంతో, ఆ అక్షరాలు లెక్కపెట్టి చెప్పొచ్చు. చుట్టాల రక్తం అక్కర్లేదు. లింకేజ్‌కీ కారణానికీ మధ్య తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఆ పదేళ్ళూ చూపిస్తాను.

కుటుంబాల్లో కాకుండా జనాభా మొత్తంలో ఫలానా అక్షరం, ఫలానా జబ్బు కలిసి కనిపిస్తే? అది వేరే లెక్క. దానికి లింకేజ్ డిసీక్విలిబ్రియం అని పేరు, నన్నడిగితే ఇంత గందరగోళపు పేరు జన్యుశాస్త్రంలో ఇంకోటి లేదు. లింకేజ్ లేకుండా కూడా అది ఉండొచ్చు, రెండు వేర్వేరు జనాభాలు ఈమధ్యే కలిస్తే చాలు. రెండు చోట్ల మధ్య సంబంధం తరతరానికీ అరుగుతుంది. వేర్వేరు క్రోమోజోముల మీదుంటే తరానికి సగం చొప్పున పోతుంది, పది తరాల్లో వెయ్యో వంతు. ఒక సెంటీమోర్గన్ దూరంలో ఉంటే సగం కావడానికి దాదాపు 69 తరాలు. అందులో పదో వంతు దూరమైతే సుమారు 690 తరాలు, పాతికేళ్ళకో తరం అనుకుంటే 17 వేల ఏళ్ళు. అంత పాత జోడీలు మనందరిలోనూ ఉన్నాయి కాబట్టే, లక్షల మంది డీఎన్ఏని పోల్చి జబ్బుల చోట్లు వెతకగలుగుతున్నారు.

అలా దొరికిన వాటిలో ఎఫ్‌టీఓ ప్రసిద్ధం. 2007లో ఆ జన్యువు లోపలి కొన్ని అక్షరాలకీ ఊబకాయానికీ సంబంధం కనిపించింది. వెంటనే కొవ్వు జన్యువు అని పేరు పడిపోయింది. 2014, 2015లో వచ్చిన పరిశోధనలు తేల్చింది వేరు. ఆ అక్షరాలు ఎఫ్‌టీఓ ఇంట్లో ఉంటూ పనిచేసేది దూరంగా ఉన్న ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 జన్యువుల మీద. పక్కపక్కనే ఉన్న ఎన్నో అక్షరాల్లో అసలుది ఏదో తరాల లెక్క చెప్పలేకపోయింది, అవి ఎప్పుడూ కలిసే వచ్చాయి మరి. చివరికి క్రిస్పర్‌తో, అంటే డీఎన్ఏని కోరిన చోట మార్చే పద్ధతితో, ఒక్క అక్షరాన్నే కణాల్లో మార్చి చూశారు. ప్రకృతి విడదీయని దాన్ని చేత్తో విడదీశారు.

పంటల రకాలు తయారుచేసేవాళ్ళకి ఈ బాధ రోజూ ఉండేదే. అడవి జాతి నుంచి తెగుళ్ళని తట్టుకునే జన్యువు తెస్తారు, దానితోపాటు దిగుబడి తగ్గించేదేదో వస్తుంది. ఒకే జన్యువు రెండు పనులూ చేస్తోందా, రెండు జన్యువులు పక్కపక్కన ఉన్నాయా? వేల మొక్కలు పెంచి, ఒక్కదానిలో విడిపోయినా రెండు జన్యువులని రుజువైనట్టే. విడిపోకపోతే మాత్రం ఏదీ రుజువు కాదు, ఇంకో వెయ్యి పెంచాలి.

ఇక మిగతా శాస్త్రాలు. యంత్రాల్లో లింకేజ్ అంటే కడ్డీలను కీళ్ళతో కలిపిన ఏర్పాటు. అక్కడ తెగడం ఉండదు, ఉండకూడదు. కాబట్టి నా ప్రశ్న కొంచెం మార్చుకోవాలి, కలిపాక ఎంత స్వేచ్ఛ మిగిలింది అని. మూడు కడ్డీలను మూడు కీళ్ళతో కలిపితే త్రిభుజం, ఏదీ కదలదు. నాలుగైతే ఒక్క రకంగా కదులుతుంది, ఒక కడ్డీ తిప్పితే మిగతావి ఎటు పోవాలో ఖాయం. ఐదైతే రెండు రకాలు. జేమ్స్ వాట్ 1784లో, కదలని చట్రాన్నీ ఒక కడ్డీగా లెక్కేస్తే, నాలుగు కడ్డీలతోనే పిస్టన్ కడ్డీని దాదాపు తిన్నగా నడిపించాడు. దాదాపే. ఒకే తలంలో కదిలే కడ్డీలతో కచ్చితమైన సరళరేఖ కోసం 1864లో ఫ్రెంచ్ ఇంజనీరు పోసెల్యే దాకా ఆగాల్సి వచ్చింది, అదే లెక్కన దానికి ఎనిమిది కడ్డీలు కావాల్సి వచ్చాయి.

రసాయనశాస్త్రంలో ఒక్క మాట. పిండిపదార్థమూ సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. లింకు ఒకదానిలో ఆల్ఫా, ఇంకొకదానిలో బీటా. మన లాలాజలంలోని ఎంజైమ్ మొదటిది కోస్తుంది, రెండోది కోయలేదు. అందుకే ఒకటి తిండి, ఇంకొకటి పీచు.

గణితంలో లింకేజ్ అన్నింటికంటే మొండిది. రెండు వలయాలు ఒకదానిలో ఒకటి ఎన్నిసార్లు చుట్టుకున్నాయో చెప్పే సంఖ్యకి గౌస్ 1833లోనే సూత్రం రాసుకున్నాడు. లాగండి, వంచండి, ఆ సంఖ్య మారదు. మారాలంటే ఒకదాన్ని కోయాలి. ఇది జీవశాస్త్రంలోకి ఎలా వచ్చిందో చూడండి. బాక్టీరియా డీఎన్ఏ వలయంగా ఉంటుంది, రెండు పోగులూ దాదాపు పదిన్నర అక్షరాలకో చుట్టు చొప్పున పెనవేసుకుని ఉంటాయి. 5250 అక్షరాల చిన్న వలయంలో సుమారు 500 చుట్లు. కణం విడిపోవాలంటే పోగులు పూర్తిగా విడిపోవాలి, కోయకుండా అది గణితపరంగా అసాధ్యం. కాబట్టి కోసి, దాటించి, మళ్ళీ అతికించే ఎంజైమ్ ఒకటి ఉండి తీరాలి. జేమ్స్ వాంగ్ 1971లో మొదటి టోపోఐసోమరేజ్‌ని ప్రకటించాడు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్స్ దెబ్బకొట్టేది ఆ కుటుంబంలోని గైరేజ్ లాంటి ఎంజైములనే. కోసింది అతకకుండా ఆపితే బాక్టీరియా చస్తుంది.

చివరిగా రికార్డ్ లింకేజ్. రెండు ప్రభుత్వ పుస్తకాల్లో ఉన్న రెండు పేర్లు ఒకే మనిషివా అని తేల్చే పని. దీన్ని కంప్యూటర్‌కి ఎక్కించిన తొలివారిలో ఒకరు హోవర్డ్ న్యూకోంబ్, 1959లో. ఆయన జన్యుశాస్త్రజ్ఞుడు, కెనడాలో రేడియేషన్ ప్రభావాల మీద పనిచేసేవాడు. తరతరాల కుటుంబాలను అనుసరించాలంటే జనన, వివాహ, మరణ రికార్డులు కలపాలి కదా. ఆయన పద్ధతిలో ప్రతి గడికీ బరువు ఉంటుంది. ఆడ/మగ గడి కలిసిందంటే పెద్ద విశేషం కాదు, ఊరికే కలిసే అవకాశం సగం. పుట్టిన నెల కలిస్తే పన్నెండు రెట్లు. పదివేల మందిలో ఒకరికి ఉండే ఇంటిపేరు కలిస్తే ఇంక చెప్పక్కర్లేదు. కలవకపోతే బరువు తీసేస్తారు. ఇందాకటి లాడ్ స్కోరు గుర్తుందా, విడిపోకుండా పుట్టిన ఒక్కో బిడ్డా రెండు రెట్లు. ఇక్కడ ఆడ/మగ గడికి ఉన్న బరువూ సరిగ్గా అంతే.

1969లో ఫెలెగి, సంటర్ దీనికి గణిత సిద్ధాంతం రాశారు. అందులో జతలు మూడు కుప్పలవుతాయి. ఒకే మనిషి, వేర్వేరు మనుషులు, తేల్చలేనివి. లాడ్ స్కోరులోనూ అంతే. మూడు దాటితే ఉంది, మైనస్ రెండు కంటే తగ్గితే లేదు, మధ్యలో పడితే ఏమీ అనకూడదు. జన్యుశాస్త్రంలో ఆ మధ్యలో పడితే ఇంకో కుటుంబాన్ని వెతుక్కోవాలి. రికార్డుల్లో అయితే ఎవరో ఒక గుమాస్తా కూర్చుని, అసలు కాగితాలు తెప్పించి, చేతిరాత పోల్చి చూడాలి.

ప్రశ్నలకి ఇంకా టైముంది. అడగండి.